ఇస్తారి రథాలు

తలుపు రెక్క ఊడదీసి
రెండు కుట్టుమిషిన్ల మీద పరిస్తే
అదే యుద్ధభూమి.
మర్రిగూడల సోమవారం రాత్రి,
చెరి పన్నెండు రథాలు, చెరి నూటయాభై కాల్బలం.
నేను కొత్తదాన్నని నా దిక్కు
తోక విరిగిన ఏనుగొకటి అదనం.

చక్రాలన్నీ అంగీ గుండీలు.
నాలుగు బెజ్జాలకెల్లి దారం లాగి ఆకులు చేసిండు.
గుర్రాలు పుట్టమన్ను.
పగ్గాలు ఎర్రదారం.
జెండాలు ఎవరెవరి జాకెట్ల ముక్కలో
ఇస్తారికి ఇప్పటికీ యాదికే:
"ఇది గొల్లగూడెం సుగుణమ్మది. చేతులు బిర్రయినయని
మూడుసార్లు విప్పిచ్చింది."

నేను సర్వేయర్ను.
పొద్దంత గొలుసు గుంజి
హద్దురాళ్ళ కాడ అన్నదమ్ముల తిట్లు తిని వస్త.
ఆయన టైలరు. ఉండె.
మోకాళ్ళు వంగుడు మానేసినంక
మిషిను తొక్కుడు బందైంది.
ఈడి బోరునీళ్ళ సంగతి మీకెర్కే, మళ్ళ చెప్ప.
ఇంచుల టేపు మాత్రం మెడల్నే ఉంది.
దాంతోనే రథాల నడక కొలుస్తం.

నియమాలు పాత బిల్లుబుక్కు వెనక ఆయన రాసినయే:
రథం తిన్నగ ఆరించులు.
మలుపుకు రెండించులు కోత.
దున్నిన చెల్కల సగమే నడక.
గవ్వలన్నీ బోర్లపడితే ఇరుసు విరిగినట్టు,
సారథి దిగి నడవాలె.
రథానికి వెనక్కి నడక లేదు.
ఈ ఆఖరి దాని కింద రెండు గీతలు.

నేను నిలబడి ఆడుత.
గద్దకు కోడిపిల్లలు కనబడ్డట్టు
అన్నీ ఒక్కసారే కనబడుతయి.
ఆయన కురచ పీట మీద,
గడ్డం సరిగ్గ తలుపు అంచు కాడ.
మెడ తిరగదు. పక్కకు చూడాల్నంటె
పీటతో సహా మనిషంత తిరగాలె.
పీట కిర్రుమన్న చప్పుడును బట్టి
ఎటు చూస్తున్నడో నేను పసిగడుత.
దీన్ని మోసమంటరో ఏమో, ఎన్నడూ చెప్పలే.

ఆ రాత్రి పీట కిర్రుమని కుడికి జరిగింది.
ఎడమ దిక్కు ఆయన కాల్బలం నడుమ
నాలుగించుల సందు.
నేను ఆగుతనా?
ఒకదాని వెనక ఒకటి పన్నెండు రథాలూ వదిలిన.
గవ్వలు వేసిన. బోర్లపడలే.
మళ్ళ వేసిన. బోర్లపడలే.
సందులకెల్లి దూసుకపోయినయి.
ఎవ్వడూ అడ్డం రాలే, ఎవ్వడూ చావలే.
బల్లేలోళ్ళు పక్కకు జరిగి
పెండ్లి బరాతుకు ఇచ్చినట్టు తొవ్వ ఇచ్చిండ్రు.

ముందర తలుపు అంచు.
అవతల గచ్చు.
మలుపుకు రెండించులు కావాలె,
నాకు మిగిలింది ఒక్కటే.

పీట మెల్లగ ఎడమకు కిర్రుమంది.
"తిర్గు మేడం," అన్నడు పండ్లన్నీ కనబడేటట్టు నవ్వి,
"తిరగాల్నంటె ఎంత జాగ కావాలెనో
నన్నడుగు."

వెనక సందు మూసుకుంది, కాజా కుట్టినట్టు.
నా రథాలను ఆయన పడగొట్టలే,
రెండు వంకర వేళ్ళతో ఎత్తి
పౌడరు డబ్బల దూది మీద ఒక్కొక్కటే పండబెట్టిండు.

"ఆ సందు ఎర అని నాకెందుకు తెల్వలే?"
"పైకెల్లి చూస్తివి.
కిందికి రా."

నేల మీద గొంతు కూసొని
గడ్డం తలుపుకు ఆనిచ్చిన.

ఇన్ని సోమవారాలు
నాకు కనబడ్డయి తలపాగలే.
కింద మొకాలున్నయి.
ఒకనికి మెల్లకన్ను,
ఒకడు పక్కోని చెయ్యి పట్టుకున్నడు,
ఒకడు అసలు యుద్ధం దిక్కే చూస్తలేడు.
నా సేనల్నే, మూడో వరుసల,
నోరు తెరిచిన పోరడొకడు.
పండ్ల మీద గార, ఇటుకరంగు,
ఒక్క వెంట్రుకతో గీసినంత సన్నగ.

"వీడెవరు?"
ఇస్తారి నా దిక్కు తిరగలే. పీట జరుపలే.
"వాన్ని ఇడిసిపెట్టు," అన్నడు,
"గవ్వలు తియ్యి.
నీ ఏనుగు ఇంకా బతికే ఉంది."